తట్టలో తెచ్చిన పొలం

పందొమ్మిదివందల అరవైల చివర నేను నిజామాబాద్‌లో ఓ ఆసుపత్రిలో కొత్త నర్సుని. చక్కెర జబ్బుతో అరికాలు పుండుపడి, కోటగిరి నుంచి ఓ పెద్దాయన మా వార్డులో చేరాడు. రోజూ పుండు కడిగి కట్టు కట్టేదాన్ని. ఆయన పాదాలకు స్పర్శే లేదు.

నాట్ల రోజులవి. ఓ ఉదయం వార్డులోకి వెళ్లేసరికి మంచం పక్కన తట్టనిండా పొలం బురద! ఆయన భార్య తెచ్చింది. కట్టు విప్పిన కాలు అందులో దిగబోతోంది. పరుగెత్తి కాలు పట్టుకున్నాను.

"బాపూ! పుండు లోపటికి బురద పోతే కాలే తీసేస్తరు!"

"ఆయన ముందుగాల అడుగు పెట్టందే మా మడిల నాటెయ్యం బిడ్డా," అంది అవ్వ ఏడుస్తూ.

ఆయన బురదకేసే చూస్తున్నాడు. "నేను పెట్టినా నాకేం తెలుస్తది? నా బదులు నువ్వు దిగు బిడ్డా. సల్లగున్నదా చెప్పు."

చెప్పులు విప్పి తట్టలో నిలబడ్డాను.

"సల్లగున్నది బాపూ. వేళ్ల సందుల్లకెల్లి పైకొస్తున్నది."

"గదే... గదే," అంటూ కళ్లు మూసుకున్నాడు. మడిలో కలపడానికి అవ్వ ఆ తట్టను మళ్లీ నెత్తికెత్తుకుంది.

తొలకరి పడితే ఇప్పటికీ పెరట్లో చెప్పులు విప్పి నిలబడతాను. చల్లగానే ఉంటుంది. అడిగేవాళ్లే లేరు.