కొన్న ధర, ఈ పొద్దు ధర

గుత్తిలో ఒక ముస్లిం వ్యాపారి శనక్కాయల మండీకి నేను లెక్కలు రాస్తాను. భాయ్ నన్ను లెక్క రాయమంటాడు గానీ నన్ను మాత్రం లెక్కచేయడు. శుక్రవారం ఆయన జుమ్మాకు పోతే నేను జమల దగ్గర కూర్చుంటాను. కొత్త ఖాతా పుస్తకానికి పసుపు పూసేది నేను. మొదటి పేజీలో నా ‘శ్రీ’ పక్కనే ఆయన 786 వేస్తాడు. ఇంత దైవబలం ఉండీ నా కూడికలు ఒక పట్టాన కలవవు.

ఒక రంజాన్ నెలలో జకాత్ లెక్క కట్టమన్నాడు. దాచిన సొమ్ములో, అమ్మకానికున్న సరుకు విలువలో నలభయ్యో వంతు పేదలకు ఇయ్యాలి. ఆ ఏడు వానల్లేక పంట పోయి, గోదాములోని పాత సరుకుకు ధర ఎగిరింది. మా అకౌంట్ల చదువు ప్రకారం కొన్న ధర, బజారు ధర, రెండింట్లో తక్కువదే వేయాలి. చేతికి రాని లాభాన్ని రాయకూడదు. కొన్న ధరే వేసినాను. భాయ్, వదిన మక్కాకు పోవాలని ఏళ్లుగా కూడబెడుతున్నారు. ట్రావెల్స్ వాళ్లకు చివరి వాయిదా ఒక్కటే మిగిలింది. నా లెక్కతో జకాతూ తీరుతుంది, ప్రయాణమూ సాగుతుంది.

భాయ్ కాగితం చూసినాడు. “ఏమప్పా, ఈ పొద్దు ఎవరన్నా కొనేకొస్తే ఈ ధరకిస్తానా?”

“ఇయ్యవు భాయ్.”

“మరి పేదోళ్లకెందుకు ఈ ధర?”

“ఇన్‌కంటాక్సు వాళ్లు ఒప్పుకునే లెక్క ఇదే.”

“వాళ్లకు అదే ఇయ్యి. ఇది అడిగేది వాళ్లు కాదు.”

బజారు ధరతో మళ్లీ కట్టినాను. వాయిదా దుడ్లలో సగం అటే పోయినాయి. గడువు దాటింది, ప్రయాణం ఆగిపోయింది.

పండగ అయినంక బయటి సరుకు దిగి ధర పడిపోయింది. భాయ్ దాదాపు కొన్న ధరకే అమ్ముకున్నాడు. జీవితంలో ఒకసారి నా లెక్క నిజమైంది, ఊరుకోలేకపోయినాను.

“చూస్తివా భాయ్, నేను చెప్పిందే కరెక్టు.”

“ఆ పొద్దు ధర ఆ పొద్దుదేప్పా,” అన్నాడు, తూకం మీంచి కళ్లు ఎత్తకుండానే.

మండీ వెనకే ఉన్న ఇంట్లోంచి వదిన పిలిచింది. “నీ లెక్క వినింటే ఈపాటికి ఆడ ఉంటాంటిమి. రాప్పా, ఈ సూట్‌కేసు అటక మీద పెట్టు.”

ఎత్తితే బరువుగా ఉంది. “బట్టలు తీయలేదా వదినా?”

“మళ్లా ఏడాదికి సర్దాల్నే గదా. ఇప్పుడు తీసేదెందుకు?”