మూడో టేకులో లొంగిపోయిన మల్లయ్య

1948 సెప్టెంబరు చివరి వారంలో నన్ను హైదరాబాదుకు వేశారు. అప్పటికి పోలీసు చర్య ముగిసి పది రోజులయింది. వార్తాచిత్రాలు తీసే ప్రభుత్వ న్యూస్‌రీల్ విభాగంలో నాది అసిస్టెంట్ కెమెరామన్ హోదా. అసలు కెమెరామన్ టైఫాయిడ్‌తో మంచాన పడడంతో పనంతా నా నెత్తిన పడింది, హోదా మాత్రం పాతదే. మా విభాగంలో కెమెరామన్ పేరు తెర మీద వేసే ఆచారం లేదు. ఉన్నది ఉన్నట్టు చూపేది యంత్రం, దాన్ని తిప్పేవాడు ఎవడైతేనేం అని పైవాళ్ల ఉద్దేశం.

మొదటి పని ఇబ్రహీంపట్నంలో. తుపాకులు పట్టినవాళ్లు సైన్యానికి లొంగిపోతున్నారు, ఆ దృశ్యం తీసుకురమ్మన్నారు. బొంగులూరు దగ్గర జీపు మొరాయించి ఒక రోజంతా తినేసింది. మేము చేరేసరికి లొంగుబాటు ముగిసి, లొంగినవాళ్లు లారీలెక్కి వెళ్లిపోయారు. ఠాణా వరండాలో తుపాకులు మాత్రం కుప్పగా పడి ఉన్నాయి. పెళ్లయిపోయాక వచ్చిన మేళగాళ్లలా నిలబడ్డాం.

మా వెంట వచ్చిన ప్రచారాధికారి ఏమాత్రం కంగారుపడలేదు. నిన్న జరిగినదాన్నే ఇవాళ మళ్లీ జరిపిస్తే అబద్ధం ఎలా అవుతుందన్నాడు. తుపాకులున్నాయి, ఠాణా ఉంది, కావలసింది ఒక మనిషి. ఆ మనిషిని ఎంచింది నేనే. ఇన్నేళ్ల తర్వాత దాచి లాభం లేదు.

మల్లయ్య చెరువు కట్ట మీద వల ఆరబెట్టుకుంటున్నాడు. చేపలు పట్టి బతికే మనిషి. కమిలిన ముఖం, పైకి తేలిన దవడలు, లోతు కళ్లు. ఏళ్ల తరబడి అడవుల్లో తిరిగినవాడు ఎలా ఉంటాడని నేననుకున్నానో అచ్చం అలాగే ఉన్నాడు. పాపం, అతను తిరిగిందల్లా ఆ చెరువులోనే. పిలవగానే వచ్చాడు.

"నేనేం జెయ్యాలె సారూ?" అన్నాడు.

తుపాకి పట్టుకుని నాలుగడుగులు నడిచి, బల్ల మీద పెట్టి పక్కకు పోవాలని చెప్పాను. "గంతేనా?" అని నవ్వాడు.

మాది చావి ఇచ్చి నడిపే స్ప్రింగు కెమెరా. మనిషి కదలకముందే మీట నొక్కడం నా అలవాటు, నడక మొదలు తెగిపోతుందేమోనని భయం. మొదటి టేకులో మల్లయ్య కెమెరాను చూసి నవ్వాడు. కోప్పడ్డాను. రెండో టేకులో తుపాకి గొట్టం ప్రచారాధికారి పొట్టవైపు తిరిగింది, ఆయన ఒక్క గెంతు గెంతాడు. మూడో టేకుకు నా విద్యంతా బయటికి తీశాను. ముఖం మీద నీడ పడుతోందని తలపాగా తీయించాను. వెండి కాగితం అంటించిన చెక్క పలకను రిఫ్లెక్టరు అంటాం, దానితో ఎండను మళ్లించి అతని ముఖం మీదికి కొట్టించాను. కెమెరాను నేలకు దించాను. పొట్టి మనిషి తాటిచెట్టంత అయ్యాడు. వెలుగుకు కళ్లు చిట్లిస్తే పగతో చూస్తున్నట్టు కనిపించింది.

"గీసారైన మంచిగొచ్చిందా?" అని అడిగాడు.

మస్తుగా వచ్చిందన్నాను.

ఏ షాటు ఎన్ని టేకులు, ఏది పనికొస్తుంది, ఏది ఎన్‌జీ, అంటే పనికిరాదు, ఇవన్నీ డోప్ షీట్ అనే చీటీలో రాసి రీలుతో పాటు బొంబాయి ల్యాబుకు పంపాలి. రాసి పంపాను. పేరుమోసిన ముఠా నాయకుడు ఆయుధం అప్పగిస్తున్నాడన్న వ్యాఖ్యానంతో మూడో టేకు సినిమా హాళ్లలో ఆడింది. ఎంత సహజంగా ఉందోనని ప్రచారాధికారికి పైనుంచి మెప్పు వచ్చింది.

రెండు నెలల తర్వాత మా ఆఫీసు మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. మల్లయ్య భార్య లక్ష్మమ్మనని చెప్పింది. అతన్ని వాళ్ల ఊళ్లో క్యాంపు వేసిన పోలీసులు పట్టుకుపోయారట. వాళ్ల చేతిలో న్యూస్‌రీల్ నుంచి తీసిన ఫొటో ఉంది. ఫొటోలోని నాయకుడు లొంగినవాళ్ల జాబితాలో లేడు. కాబట్టి లొంగిపోయాక పారిపోయాడని తేల్చారు. ఆ తర్కానికి వంక పెట్టడం కష్టం.

"గా తుపాకి మీ సారే ఇచ్చిండు గదన్నా. మా ఇంట్ల వలలు తప్ప ఏమున్నయ్? జేల్ల ఏస్తమంటున్నరు. నువ్వొచ్చి జర ఒక్క మాట చెప్పు" అంది.

ఆమె ఏడవలేదు. నాకే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

క్యాంపు అధికారి దగ్గరికి వెళ్లి, ఆ దృశ్యం నేను అల్లిందని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు తీస్తామని మీ విభాగమే చెబుతుంది కదా అన్నాడు. ప్రచారాధికారిని అడిగితే తనకేమీ గుర్తు లేదన్నాడు. డోప్ షీట్ నకలు చూపించి, నిజంగా లొంగేవాడు మూడుసార్లు లొంగుతాడా అని వాదించాను. అది నీ చేతిరాత, నువ్వేమైనా రాసుకుంటావన్నాడు అధికారి.

ఎన్‌జీ ముక్కలను ల్యాబులో కొన్నాళ్లుంచి తగలబెట్టేవారు. వెంటనే తంతి కొట్టాను. అదృష్టం బాగుండి అవి ఇంకా బూడిద కాలేదు. తెప్పించి, ఒక మధ్యాహ్నం అధికారులిద్దరినీ ప్రొజెక్షన్ గదిలో కూర్చోబెట్టి మొదటి టేకు వేయించాను. మీట ముందే నొక్కే నా అలవాటు అక్కడ అక్కరకొచ్చింది. తెర మీద ముందుగా ఒక చెయ్యి వచ్చింది. ఖాకీ చొక్కా, వేలికి పెద్ద రాయి ఉంగరం. ఆ చెయ్యి మల్లయ్యకు తుపాకి అందించి, భుజం పట్టి తిప్పి, ముందుకు తోసింది. మల్లయ్య మావైపు చూసి నవ్వాడు. క్యాంపు అధికారి తెరను వదిలేసి పక్క కుర్చీలోని మనిషి వేలికున్న ఉంగరాన్ని చూశాడు. ప్రచారాధికారి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

మల్లయ్యను మూడో రోజున వదిలారు. గుర్తింపులో పొరపాటు అని కాగితం రాశారు. ఎవరి పొరపాటో రాయలేదు. చిక్కి సగమయిన మనిషి గేటు దగ్గర నన్ను గుర్తుపట్టాడు.

"మొదలు నవ్విన్నని కోపం జేసినవ్, యాదికున్నదా అన్నా? గా నవ్వే నన్ను ఇడిపిచ్చింది. నువ్వు మంచిగొచ్చిందన్నదే మెడకు సుట్టుకున్నది" అన్నాడు.



ఎన్‌జీ ముక్కలను నా ఎదుటే తగలబెట్టించారు. మూడో టేకును మాత్రం చరిత్ర అని భద్రపరిచారు. వారం తిరక్కుండా నాకొక మెమో వచ్చింది. ఒక్క టేకుతో సరిపోయే దృశ్యానికి మూడు టేకుల ముడి ఫిల్ము ఖర్చు చేసినందుకు, వెలుతురునూ కోణాన్నీ సొంత ఆలోచనతో మార్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నేను రిటైరయ్యేదాకా నా పేరు ఏ న్యూస్‌రీల్‌లోనూ పడలేదు. నేను తీసిన దృశ్యంలో నా ఆలోచన ఉందని ప్రభుత్వం ఒప్పుకున్న కాగితం ఆ మెమో ఒక్కటే.

ఎవరి ముఖం మీద వెలుగు వేస్తామో ఆ ముఖానికి జవాబుదారు మనమేనని ఆ పనిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత రిఫ్లెక్టరు ఎత్తించే ముందు ఎదుటి మనిషి పేరూ, చేసే పనీ అడిగి డోప్ షీట్‌లో రాసేవాణ్ణి. ఫారంలో దానికి గడి లేదు. అంచున రాసేవాణ్ణి.