హోగ్లా పలికిన ఆమేన్

రోజూ తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, "ఇశ్రాయేలూ విను" అని ప్రార్థన చెప్పుకునేది హోగ్లా. చివర యేసు పేరు మెల్లగా కలుపుకునేది. ఆ తర్వాతే తిరగలి ముందు కూర్చోవడం. అవతలివైపు పొరుగింటి తిర్సా. ఒకే పిడి పట్టుకుని ఇద్దరూ బార్లీ విసిరేవారు.

"తిప్పుతున్నావా, పిడి పట్టుకుని వేలాడుతున్నావా?" అనేది హోగ్లా.

"నాకు పెట్టే వంకలకేం గానీ, మందిరంలో కాస్త గొంతు తగ్గించక్కా. నీ ఆమేన్‌కి కప్పు మీది పావురాలు లేచిపోతున్నాయి," అనేది తిర్సా.

గలిలయలోని ఆ ఊరి సమాజమందిరంలో హోగ్లా ఆమేన్ అందరికంటే ముందు వినిపించేది. ఆమే, చనిపోయిన ఆమె భర్త ఎల్నాతానూ, యూదులు ఎదురుచూసే మెస్సీయ యేసేనని నమ్మినవాళ్లు. అంతమాత్రాన మందిరం మానాలని వాళ్లకెన్నడూ తోచలేదు. యేసూ మందిరానికి వెళ్లినవాడే కదా.

యెరూషలేము దేవాలయాన్ని రోమీయులు కాల్చేశాక మందిరం పెద్దల మనసులు బిగుసుకున్నాయి. ఒక విశ్రాంతిదినాన ప్రార్థన నడిపే ఆయన కొత్త మాట చేర్చాడు. నజరేయుడైన యేసు మనుషుల పేర్లు దేవుడు రాసుకునే జీవుల లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోవాలని కోరి, ఆగాడు. అలవాటుగా హోగ్లా "ఆమేన్" అనేసింది.

ఆ గొంతు గోడకు తగిలి తిరిగొచ్చాకగాని, తాను శపించింది తననూ తన భర్తనూ అని ఆమెకు తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. తిర్సా ఆమె మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ వారమే నజరేయుల రొట్టె తినకూడదనీ, వాళ్లతో కలిసి విసరకూడదనీ కట్టడి వచ్చింది. తిర్సా రావడం మానేసింది. అయినా తెల్లారేసరికి హోగ్లా వాకిట్లో నీళ్లకుండ నిండి ఉండేది.

పట్నంలో యేసును నమ్మిన గ్రీకువాళ్లు కూడుకునే ఇంటికి వెళ్లింది హోగ్లా. మంచివాళ్లు, పీట వేసి కూర్చోబెట్టారు. ఇంటిపెద్ద ఫిలోను నెమ్మదిగా అన్నాడు: "ఇంకా విశ్రాంతిదినానికి ఆ దీపాలు వెలిగించడమెందుకమ్మా? ప్రభువు వచ్చాక అవి పాతబడ్డాయి."

"ఆయన తల్లి వెలిగించిన దీపాలే నాయనా అవి," అంది. మళ్లీ అక్కడికి వెళ్లలేదు.

చలికాలంలో దగ్గు పట్టుకుంది. కుటుంబపు సమాధిగుహ మరిది యాకీము చేతిలో ఉంది. "అన్నయ్య ఎముకలు ముందే చేరాయి, పోనీ. వదినను మాత్రం రానివ్వను," అని కబురంపాడు.

మర్నాడు తెల్లవారుతుండగా తిర్సా కుండ దించుతుంటే, గుమ్మంలో గోడకానుకుని ఉంది హోగ్లా.

"లోపలికి రమ్మనకక్కా. ఎవరైనా చూస్తే మా ఆయన్ని మందిరం గడప తొక్కనివ్వరు."

"రావద్దులే. అక్కడే నిలబడి విను. గ్రీకువాళ్లు నన్ను వాళ్ల పొలంలో పూడుస్తారు. పూడ్చనీ. ఏడాది తిరిగి ఒళ్లు మట్టయ్యాక, నా ఎముకలు గుడ్డలో మూటగట్టు. గుహలో మా ఆయన ఎముకలున్న రాతిపెట్టె ఎడమచేతి వైపు ఉంటుంది. మూత కాస్త జరిపి నన్నూ అందులో ఉంచు. పేరు చెక్కించక్కర్లేదు. చేస్తావా తిర్సా?"