తెల్లగా మిగిలిన చెరువు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ మామూలుగా తెరిచిన మొదటి వేసవిలో నన్ను భీమవరంలోని ఒక రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో రిపోర్టుల విభాగానికి వేశారు. హోదా సీనియర్ ఎగ్జిక్యూటివ్. విభాగం అంటే నేను, ఒక కంప్యూటరు, ఒక కలర్ ప్రింటరు. యాభై దాటాక నడుంనొప్పి పుణ్యమా అని ముందుగానే విరమించుకున్నాను. తీరిక దొరికింది కనుక ఒక సంగతి సరిదిద్దాలి. మా ప్రాంతంలో ప్రభుదాసు అనే ఫీల్డు టెక్నీషియన్‌ని ఇప్పటికీ "వైట్ దాసు" అంటారు. ఆ పేరు అతనికి రావలసింది కాదు.

మా పని ఇలా నడిచేది. టెక్నీషియన్లు చెరువు గట్ల మీద తిరిగి, నీళ్ళలో వేలాడే చెక్ ట్రేలు పైకి లాగి, రొయ్య మేత ఎలా తింటోందో చూసి ఫోన్లో పంపేవారు. నేను దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో పటంగా మార్చేవాణ్ణి. చెరువుకో దీర్ఘచతురస్రం గీసి, లోపల రంగు నింపడం. దీన్నే ఫిల్ అంటారు. రొయ్య బాగుంటే ఆకుపచ్చ, మేత తగ్గితే పసుపు, జబ్బని ల్యాబు తేల్చితే ఎరుపు. మురుగు కాలువని మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే నీలి గీతగా లాగి, దాని మీదే చెరువుల్ని పెట్టేశాను. గీతని చెరువుల పక్కగా వంపులు తిప్పే ఓపిక లేదు. పైనున్న రంగు కింది గీతని కప్పేస్తుంది కాబట్టి నా బద్ధకం ఎవరికీ కనిపించేది కాదు. ప్రతి సోమవారం ఆ పటం ప్రింటు తీస్తే మేత డిపో గోడకెక్కేది.

కొన్నాళ్ళకి మా మేనేజరు గారికి ఒక ఆలోచన వచ్చింది. రొయ్య బాగా పెరిగిన చెరువులో రంగుకి బదులు ఆ రైతు ఫోటో నింపమన్నారు. రైతులకి ఉత్సాహంగా ఉంటుందట. అలా నింపడాన్ని పిక్చర్ ఫిల్ అంటారు. మొదటి గౌరవం రామరాజు గారిది. కోపమొచ్చినా, కుక్కని అదిలించినా "అండి" తగిలించే మనిషి ఆయన. బుల్లెట్ మీద కూర్చుని నిలువుగా తీయించుకున్న ఫోటో పంపారు. చెరువేమో అడ్డంగా పొడవు. ఫోటో పెట్టగానే ఇటూ అటూ సాగి, బుల్లెట్ లారీ అంతయింది, మీసం రెండు గట్లనీ తాకింది. సరే, సాగకుండా ఫోటోనే పదే పదే పేర్చే టైల్ అనే పద్ధతి ఉంది కదా అని అది నొక్కాను. చెరువు నిండా వరసగా రామరాజు గార్లు.

ఆయనకి ఫోన్లో పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ఏంటండీ మూర్తి గారూ, నేను ఎలక్షన్లో నిలబడ్డానా అండీ? ఒక్కణ్ణి చాలండి."

అడ్డంగా తీసిన ఫోటో పంపమన్నాను. అది వచ్చేలోగా పాత బొమ్మ తీసేయాలని నో ఫిల్ నొక్కాను. అంటే లోపల ఏమీ లేదని. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి మేనేజరు గారు ప్రింటు అడుగుతున్నారు. తీసి ఇచ్చేశాను.

తెల్ల కాగితం మీద ఏమీ నింపని చెరువు తెల్లగా ఉంటుంది. రొయ్యల వాళ్ళకి తెలుపంటే ఒకటే అర్థం. వైట్ స్పాట్ అనే జబ్బు. రొయ్య తల చిప్ప మీద తెల్లమచ్చలు వచ్చి, చూస్తూండగానే చెరువు ఖాళీ అవుతుంది. నీళ్ళ వెంట పక్క చెరువులకీ పాకుతుంది. దాని పూర్తి పేరు కూడా ఎవరూ పలకరు. "వైట్ వచ్చిందండి" అని గొంతు తగ్గిస్తారు. పటం అడుగున ఏ రంగుకి ఏ అర్థమో నేను శ్రద్ధగా రాశాను. అందులో తెలుపు లేదు. గోడ దగ్గర నిలబడి అడుగున రాసింది చదివినవాళ్ళు కూడా లేరు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గారితో నేను వెళ్ళేసరికి రామరాజు గారి గట్టు మీద సగం ఊరుంది. పక్క చెరువు సత్యం గారు అప్పటికే తన తూము మూసేశారు. కొనుగోలుదారుడి ఏజెంటు చెవి దగ్గర ఫోను దించకుండా, వెంటనే రొయ్యల్ని పట్టేయమని తొందరపెడుతున్నాడు. అప్పుడు పట్టేస్తే వేలెడంత కూడా లేని రొయ్య. పంట పోయినట్టే. పట్టకుండా ఉంచితే, నిజంగా వైటే అయితే, ఊరు ఊరంతా పోతుంది.

"ఇక్కడ పచ్చగా ఉందని చెప్పి, ఆఫీసుకి వైట్ అని పంపావా?" అని సత్యం గారు, ఆ చెరువుల ట్రేలు చూసే దాసు మీదికొచ్చారు. "నేను పచ్చ అనే పంపానండి, ప్రార్థన చేసే నోటితో చెప్తున్నాను," అన్నాడు దాసు. "ప్రార్థన తర్వాత చేద్దువుగాని, తూముకి అడ్డంగా నిలబడకు," అని ఇంకెవరో.

రామరాజు గారు మాత్రం డిపో నుంచి పీక్కొచ్చిన పటాన్ని తిప్పి తిప్పి చూస్తున్నారు. "అది సరేనండి. నా చెరువు మధ్యలోంచి మురుక్కాలువ ఎప్పుడు తవ్వారండీ?" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తెలుపు రంగు నింపి ఉంటే కాలువ గీత కనబడదు. ఏమీ నింపలేదు కాబట్టే కనబడింది. ఆ గుంపులో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లుంగీ ఎగ్గట్టి విసురు వల వేశారు. పడిన రొయ్యల్ని టబ్బులో పోసి, "చూసుకోండి, మొహమాటం వద్దండి" అన్నారు. తలా ఒకటి తీసి, తల చిప్ప ఒలిచి, ఎండకి అడ్డంగా పెట్టి చూశారు. ఒక్క మచ్చ లేదు. సత్యం గారు రెండోది, మూడోది కూడా ఒలిచారు. "మీరిలా చూస్తూ పోతే వైట్ అక్కర్లేదండి, చెరువు మీతోనే ఖాళీ అవుద్ది," అన్నారు రామరాజు గారు. ల్యాబు కూడా జబ్బు లేదని చెప్పాకే తూములు తెరుచుకున్నాయి. ఆ పంటని ఆయన పూర్తి సైజుకి పెంచే పట్టారు.

పంట దక్కింది. దాసు పేరు దక్కలేదు. తప్పెక్కడ జరిగిందని మేనేజరు గారు అడిగినప్పుడు, "ఫీల్డు నుంచి వచ్చిందే వేస్తాం కదా సార్," అన్నాను. అందులో అబద్ధం లేనట్టే ఉంటుంది. నిజం అసలే లేదు. దాసుని వేరే రూటుకి మార్చారు. పేరు అతనికంటే ముందే ఆ ఊళ్ళకి చేరింది. కొత్త చెరువు గట్టు ఎక్కితే చాలు, "వైట్ దాసు వచ్చాడు, ట్రే మనమే లాగుదాం" అనేవారట. సరదాకే. కానీ ట్రే మాత్రం నిజంగానే వాళ్ళే లాగేవారు.

ఈ మధ్య భీమవరంలో టీ కొట్టు దగ్గర కలిస్తే అతనికి అంతా చెప్పాను. టీ పూర్తిగా తాగి గ్లాసు పెట్టాడు. "ఇన్నాళ్ళూ నా ఫోన్లో తప్పు నొక్కానేమో అనుకున్నానండి," అన్నాడు. ఊళ్ళో అందరికీ చెప్తానన్నాను. "మీరు చెప్తే పోద్దా అండీ? మా వాళ్ళకి పిలవడానికి ఎవరో ఒకరు కావాలండి. నా పేరు తీసేస్తే ఇంకెవరికైనా పెట్టాలి."

నేను నేర్చుకున్నది చిన్న విషయం. నో ఫిల్ అనేది రంగు కాదు, కానీ కాగితం మీద అదీ ఏదో ఒకటి చెప్తుంది. ఏం చెప్పాలో మనం తేల్చకపోతే చూసేవాడు తేలుస్తాడు. ఆ వారం నుంచి ఉద్యోగం మానేదాకా, సమాచారం లేని చెరువుకి బూడిద రంగు నింపి, మధ్యలో "తెలియదు" అని రాశాను. కాలువ గీతని కూడా చెరువుల పక్కగా వంపులు తిప్పాను.

దాసు చెప్పినట్టు ఊరికి ఒక పేరు కావాలంటే అది కూడా సిద్ధంగా ఉంది. నోఫిల్ మూర్తి. పలకడానికి వైట్ దాసు కంటే బాగుంటుంది, పైగా మనిషి కూడా సరైనవాడే.