గుర్రు మావయ్య మధ్యాహ్నపు కునుకు

పిండిమర యజమానికి కన్నవారు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉండాలి. వీధికి మాత్రం ఆయన గుర్రు మావయ్య. భోజనం చేసి చేయి కడుక్కున్నది మొదలు నీడలు సాగేదాకా మరకు తాళం వేసి, మేడమీది గదిలో చాప పరచి ఆయన తీసే గుర్రు, మర చప్పుడుకు ఏమాత్రం తీసిపోయేది కాదు. ఆస్తి పోయినా ఓర్చుకోగలడు గాని ఆ కునుకు పోతే ఆయన మనిషి కాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెల్లారి కొంత, సాయంత్రం బారులు తీరిన జనంతో కొంత, మర హాయిగా నడిచిపోయేది.

అటువంటి సుఖజీవి నెత్తిన ప్రభుత్వం పిడుగు వేసింది. ఎండతో తీసే కరెంటు మధ్యాహ్నం వాడేవారు లేక వృథా అవుతున్నదట. దీపాలు పెట్టే వేళకు అదే కరెంటు బొగ్గు తగలేసి తీయవలసి వస్తున్నదట. కనుక ఇకమీదట మధ్యాహ్నం కరెంటు చవక, సాయంత్రం ప్రియం.

ఆయన ఉన్నపళాన కరెంటాఫీసుకు వెళ్లాడు.

"బాబూ, ఆ చవకేదో పొద్దున్నే ఇవ్వకూడదా?"

బల్ల వెనుక ఇంజనీరు నవ్వు ఆపుకొన్నాడు. "పొద్దున ఎండ చాలదండీ."

"పోనీ, సాయంత్రం?"

"సాయంత్రం అసలు ఉండదు కదండీ."

"అంటే సరిగ్గా నేను పడుకునే వేళకే కాస్తుందన్నమాట మీ ఎండ!"

"మా ఎండేంటి సార్, అది అందరిదీ."

ఇంటికి వచ్చి ఆయన సూర్యుణ్ణీ సర్కారునూ కలిపి తిట్టాడు. ఇల్లాలు చివరిదాకా విని, "మీరు పడుకోండి. మధ్యాహ్నం మర నేను ఆడిస్తా" అన్నది.

"నువ్వా? బెల్టు జారితే ఎక్కించడం వచ్చా?"

"ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాగా. బెల్టు కంటే మీరే ఎక్కువసార్లు జారారు, కుర్చీలోంచి."

మరునాటి మధ్యాహ్నం ఆయన కునుకు పట్టబోతున్న తరుణాన కింద మర గర్జించింది. చాప వణికింది, తలకింద దిండు వణికింది. చెవుల్లో దూది కుక్కుకొన్నాడు; పళ్లు వణికాయి. కిటికీలోంచి తొంగిచూస్తే వాకిట్లో తిరనాళ్లు! పిల్లలను బడికి పంపి, ఇల్లు సర్దుకొని, తీరిగ్గా వచ్చిన ఆడవాళ్లు. మునుపు వీరందరూ పొయ్యిమీద ఎసరు వదిలిపెట్టి వచ్చి, సాయంత్రం బారులో ఒంటికాలిమీద నిలుచున్నవారే. చవక కరెంటుతో పిండి పట్టే కూలి తగ్గింది గనుక రొట్టెల కొట్టావిడ వారానికో మూట పట్టించేది కాస్తా రోజుకో మూట తెచ్చింది. నెల తిరిగేసరికి రెండో పొయ్యి పెట్టి, మరో ఇద్దరిని పనిలోకి తీసుకొన్నది. వీధి వీధంతా ఒళ్లు చేస్తుంటే గుర్రు మావయ్య ఒక్కడే కళ్లకింద నల్లటి చారలతో చిక్కిపోసాగాడు.

అయినా పట్టు వదలలేదు. "సాయంత్రం మర నాది. ఎవరేమన్నా నడిపి తీరతా" అని భీష్మించుకొన్నాడు. ప్రియమైన కరెంటుకు తగ్గట్టు కూలి పెంచక తప్పలేదు. పెంచగానే బారు చిక్కి చిక్కి ఒక్క మనిషి దగ్గర ఆగింది. ఆ ఒక్కడూ ఎదురింటి కటింగుషాపాయన, వరసకు బావ. రోజూ సంచితో వచ్చేవాడు, పిండి పట్టించుకొని, లోకాభిరామాయణం ముగించుకొని వెళ్లేవాడు. ఆ ఒక్క సంచిని చూసుకొనే మావయ్య మీసం ఇంకా నిలిచి ఉన్నది.

ఒకనాడు గింజలో రాళ్లున్నాయేమోనని సంచిలో చేయి పెట్టాడు. చేయి మోచేతిదాకా మెత్తగా దిగిపోయింది.

"ఇది పిండే కదరా బావా!"

"ఆఁ... ఇంకాస్త మెత్తగా ఉంటుందని..."

"మరి నిన్నటిది?"

"అదీ ఇదే."

"అంటే ఇన్నాళ్లూ పిండికే పిండి పడుతున్నానా?"

"నీ చెల్లెలు మధ్యాహ్నమే పట్టించేస్తోంది బావా. నువ్వొక్కడివే ఖాళీ మర ముందు కూర్చుంటే చూడలేక తెస్తున్నా. ఇంకోసారి పట్టావంటే ఇది గాల్లో కలిసిపోతుంది. మా ఇంట్లో రొట్టె నోట్లో పెట్టుకుంటే బంకలా సాగుతోంది."

మావయ్య మోటారు ఆపాడు. బెల్టు ఈడ్చుకొంటూ ఈడ్చుకొంటూ నిలిచింది. ఎక్కడో బొగ్గు తగలేయించి, ఇక్కడ బావ పిండి అరగదీసి తాను కాపాడుకొంటున్నదేమిటి? కునుకా, అది ఏనాడో పోయింది. వ్యాపారమా, అది మధ్యాహ్నానికి మారిపోయింది. మిగిలింది మీసమొక్కటే, దానికీ పిండి అంటుకొని ఉన్నది.

మరునాడు భోజనం కాగానే ఆయన అలవాటుగా మెట్లు రెండు ఎక్కి, ఆగి, తిరిగి దిగి మరలోకి వచ్చాడు. ఇల్లాలు ముక్కుకు కట్టుకొనే గుడ్డ ఒకటి చేతికిచ్చి, మూటలవైపు చూపించింది.

బారులో ముందున్న ముసలమ్మ ఆయనను పసివాడుగా ఉన్నప్పుడు ఎత్తుకొన్నదే. అయినా కళ్లజోడు సవరించుకొని, "ఏమ్మా, కొత్తగా పెట్టుకున్నావా ఇతన్ని?" అన్నది.

"ఇంకా చూస్తున్నాం పెద్దమ్మా. పని చేతనైతే ఉంచుతాం."

వాకిలి గొల్లుమన్నది. దీటైన జవాబు చెప్పాలని మావయ్య గుడ్డ కిందికి లాగి నోరు తెరిచాడు. మాటకు ముందే ఆవలింత వచ్చింది. దవడలు విడిపోయేంత ఆవలింత.

"నోరు మూసుకోండి, పిండి పోతుంది" అన్నది ఇల్లాలు, బెల్టుమీదనుంచి చూపు తిప్పకుండానే.

ఆయన మూసుకొన్నాడు, ముసలమ్మ మూట భుజానికెత్తుకొన్నాడు.