షావుకారుగారు అనని మాట

మా షావుకారుగారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. చేతిలో విప్పిన మోటారు, వేళ్ళ నిండా గ్రీజు. అలాగే పరిగెత్తాను. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఆయన కొట్టు, దాన్ని ఆనుకునే నేను పనిచేసే మోటార్ల వైండింగ్ షాపు.

సంతాప సభలో ఎరువుల కొట్టాయన మైకు పట్టుకున్నాడు. వరదలప్పుడు షావుకారుగారు నా భుజం మీద చెయ్యేసి, ‘మీ అమ్మకేం కాదు, నేనున్నాను’ అన్నారని చెప్పాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ఆ మాట అనలేదు. ఆ ఒక్క మాట అనమని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. అయినా అనలేదు. పోయిన మనిషి నోట్లో ఇష్టమొచ్చిన మాటలు కుక్కేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

కొట్టు వెనక గదిలో, ఉల్లి బస్తాల మధ్య, ఆయన రేడియో ఉండేది. పాటలు వినే రేడియో కాదు. సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఊళ్ళూ దేశాలూ దాటి ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. అలాంటివాళ్ళని హామ్‌లు అంటారు. ఆయనతో నా పరిచయం తగువుతోనే మొదలైంది. చిన్న ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, తన రేడియోని పాడుచేస్తున్న గరగర ఎక్కణ్ణించి వస్తోందో వెతుక్కుంటూ మా షాపులోకి వచ్చేశారు.

“ఏవండీ అబ్బాయిగారూ, మీ గ్రైండరు నా చెవిలో తిరుగుతోందండి” అన్నారు.

పని మానుకోమంటారా అని విరుచుకుపడ్డాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. విసిగిపోయి, ఫోన్లో వీడియోలు చూసి, గ్రైండరుకి కెపాసిటరు నేనే బిగించాను. గరగర తగ్గింది. దానికి బహుమానంగా కాబోలు, నన్ను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించారు. ఎవరో దగ్గుతున్నాడు, ఏదో అంటున్నాడు. ఎవరో శ్రీలంక ఆయన వాన గురించి చెప్తున్నాడన్నాను.

“శ్రీలంక అని విన్నారా, అనుకున్నారా?”

ఈ ప్రశ్నతో ఆయన ఎంతమందిని చంపుకు తిన్నారో లెక్కలేదు. కర్నూల్లో వానలని లారీ డ్రైవరు చెబితే అదే ప్రశ్న. ఫలానావాడి పెళ్ళి తప్పిపోయిందంటే అదే. ఇంట్లోవాళ్ళే విసుక్కునేవారు. రేడియోలో ఎవరైనా కబురు చెబితే దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాలి, అవతలివాడు సరే అన్నాకే ఇవతలివాళ్ళకి అందించాలి. పద్ధతి అది. ఆయన రేడియో కట్టేశాక కూడా ఆ పద్ధతి వదిలేవారు కాదు. అదే తంటా.

ఆ వరదల్లో కొల్లేరు పొంగింది. మా అమ్మ ఒక్కతే సరస్సు మధ్య లంక ఊళ్ళో ఉంది. ఫోన్లు లేవు, రోడ్డు లేదు. ఏలూరులో ఇంకో హామ్, కాలేజీ లెక్చరరు, చిన్న సెట్టు పట్టుకుని పడవలో బయల్దేరారు. ఆయన మాట కోసం షావుకారుగారు రేడియో ముందు కూర్చున్నారు, ఆయన వెనకాల నేను.

“బావుందని చెప్పెయ్యండి షావుకారుగారూ. కుర్రాడు పోయేలా ఉన్నాడు” అన్నాడు ఈ ఎరువుల కొట్టాయనే.

“ఇంకా వినలేదండి.”

అబద్ధమైనా ఫర్వాలేదు, చెప్పండని బతిమాలాను. వినలేదండి అన్నారు. మీకు అమ్మ లేదా అని అరిచాను. తల తిప్పలేదు. చెవులు హెడ్‌ఫోన్స్‌లో, తెచ్చిన కాఫీ పక్కనే చల్లారిపోయి ఉంది. ఆ క్షణంలో ఆయన్నంత అసహ్యించుకున్న మనిషి నాకు ఇంకొకరు లేరు.

మధ్యాహ్నం దాటాక ఆయన వీపు నిటారైంది. మైకు నొక్కి, అందిన కబురు తిరిగి అప్పజెప్పడం మొదలుపెట్టారు. ధరలు చదివే గొంతే.

“నేను బడి మేడ మీదున్నాను. కోళ్ళు కూడా ఉన్నాయి. పెట్టె అటకెక్కించమని మొత్తుకున్నాను, విన్నాడా వెధవ, మొత్తం నానిపోయింది. ఈత రానోణ్ణి పడవెక్కి రావద్దనండి. ఓవర్.”

కొట్టు ముందు కుక్కని కూడా అండీ అనే మనిషి, బజారంతా వినేలా నన్ను వెధవ అన్నారు. హమాలీలు పగలబడి నవ్వారు. నేను బస్తా మీద కూలబడి ఏడ్చాను. అది మా అమ్మే. ఈ తిట్టు ఇంకెవరూ పుట్టించలేరు. అవతలి నుంచి సరే అని వచ్చాక, హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు తిరిగి, “ఇప్పుడు విన్నానండి” అన్నారు. పొద్దున్నే బావుందని ఒకసారి అనేసి ఉంటే, దీన్ని నేను నమ్మేవాణ్ణా?

ఎరువుల కొట్టాయన చెప్పిన షావుకారు చాలా మంచివాడు. అలాంటివాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. మా షావుకారుగారు అలాంటివారు కాదు.

సభకి అమ్మ వచ్చింది. ఆయన బతికుండగా ఒక్కసారీ చూడలేదు. తన కబురుని తిట్టుతో సహా ఆయన చెప్పారని నేనెన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. సభ అయ్యాక వెనక గది చూపించమంది.

“అంత పెద్దాయన... ఆ మాట కూడా అన్నారా?”

“అన్నారే. ఉన్నదున్నట్టు.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు. తెలియనిది రాయను. రేడియో మైకు చుట్టూ ఎగిరొచ్చి పడిన ఉల్లిపొట్టు ఉంది. అమ్మ వంగి, ఒక్కొక్క పొరా విరక్కుండా ఏరి కొంగులో వేసుకుంది. బస్సెక్కేదాకా ఆ కొంగు దులపలేదు.