గీత పడని బ్యాగు

మా అక్కకి దయ్యాలంటే భయం లేదు, బల్లులంటే భయం లేదు, చివరికి మా బావ కోపమన్నా భయం లేదు. ఆమె భయమంతా ఒక షాపు మేడమ్ అంటేనే. సన్నటి మనిషి. ఎప్పుడూ గొంతు పెంచదు, ఎవరినీ ఒక్క మాట అనదు. ఆ మెత్తదనానికే మాకు ముచ్చెమటలు పోసేవి.

అక్క పదిహేనేళ్ళు ఒక బ్యాగుల రిపేరు దుకాణంలో పనిచేసింది. తెగిన పట్టీలు కుట్టేది, తోలు మీద పడ్డ గీతలు కనపడకుండా చేసేది. ఆ దుకాణం మూతపడ్డాక చేతిలో ఉన్న విద్యనే నమ్ముకుని ఈ వ్యాపారంలోకి దిగింది. ఎక్కడా దొరకని ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు కొనడం, వాటికోసం ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నవాళ్ళకి అమ్మడం. ఇందులో తప్పేముందని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. చట్టం దృష్టిలో ఏ తప్పూ లేదు, షాపువాళ్ళ దృష్టిలోనే తప్పు. ఆ బ్యాగులు మనం అడిగితే ఇవ్వరు. వాళ్ళకో లిస్టు ఉంటుంది. అందులో పేరున్నవాళ్ళని వాళ్ళే పిలిచి ఇస్తారు. తీసుకెళ్ళి అమ్ముకుంటున్నారని పసిగడితే ఆ పేరు కొట్టేస్తారు, తమ షాపులన్నిటిలోనూ. మాకు తెలిసిన స్కార్ఫుల పిన్ని అలాగే దొరికిపోయి, ఇప్పుడు ఎవరి ఆఫీసులోనో ఫోన్లు ఎత్తుతోంది.

ఆ లిస్టులోకి ఎక్కడానికి అక్క మూడేళ్ళపాటు తనకి అక్కర్లేని బెల్టులూ స్కార్ఫులూ కొంది. తన భర్తకి ఓడల వ్యాపారమని మేడమ్‌తో చెప్పింది. మా బావ నడిపేది స్కూలు వ్యాను. "ఓడైతేనేం, వ్యానైతేనేం, రెండూ జనాన్ని మోసేవేగా" అంటాడాయన. ఆయనకి అన్నీ వేళాకోళమే. కానీ పేరెక్కాక ఏడాదికి రెండో మూడో బ్యాగులు వచ్చేవి. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల చదువు, మా అమ్మ మందులు, అన్నీ ఆ ఒక్క పేరు మీదే నడిచేవి.

మొన్న వానాకాలంలో మళ్ళీ పిలుపు వచ్చింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ధైర్యం చెప్పడానికి వెళ్ళినదాన్ని, లోపలి గదిలో సోఫా మీద కూర్చునేసరికి నేనే అక్క కొంగు పట్టుకున్నాను. మేడమ్ చేతులకి తెల్లటి తొడుగులు వేసుకుని బ్యాగు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముదురాకుపచ్చ రంగు. బక్కిల్ మీద గీతలు పడకుండా అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది.

"ఈ పొర తీసేద్దామా అండీ? ఇప్పుడే భుజాన వేసుకుని వెళ్ళొచ్చు" అంది మేడమ్.

పొర తీస్తే బ్యాగు వాడినదాని కింద లెక్క. అక్క దగ్గర కొనేవాళ్ళు మొదట చూసేది దాన్నే. వద్దంటే మాత్రం అక్కడికక్కడే దొరికిపోతాం. అక్క నవ్వి, "ఇలా ఇవ్వండి, నేనే తీస్తాను" అంది. తీసింది కూడా, ఎక్కడా చిన్న చిరుగు లేకుండా. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ పొరని వేలి మీద చదును చేసి, ముడత పడకుండా బిల్లు వెనకాల అంటించి పెట్టుకుంది.

తన కోసం కొనుక్కునే మనిషి ఆ పొరని ఉండచుట్టి పారేస్తుంది. మళ్ళీ అంటించుకోవచ్చని దాచేది అమ్మేవాళ్ళే. అక్క నోరు అబద్ధం బాగానే చెప్పింది గానీ, చెయ్యి తన అలవాటు ప్రకారం తన పని తాను చేసుకుపోయింది. మేడమ్ ఆ బిల్లు వంక చూసింది.

"మీరు తీసుకున్న బ్యాగులు ఒక్కటీ మీ భుజాన చూడలేదండీ నేను" అంది మేడమ్, ఎప్పటిలాగే మెత్తగా. "వచ్చే నెల ఇంకోటి వస్తోంది. అప్పుడు ఇది వేసుకుని రండి, చూస్తాను."

ఇక అక్కకి ఆ నెలంతా నిప్పుల మీద నడకే. వాడినట్టు కనపడాలి కాబట్టి కూరగాయలకి వెళ్ళినా, పిల్లల స్కూలుకి వెళ్ళినా ఆ బ్యాగే. కానీ మచ్చ పడితే అమ్మినప్పుడు రేటు రాదు, అందుకని బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా ఉలిక్కిపడేది. వానొస్తే తను తడిసి, బ్యాగుని కొంగు కింద పొట్టకి హత్తుకునేది. కుర్చీలో తను అంచున కూర్చుని దానికి చోటిచ్చేది. బావ రెండు రోజులు నవ్వాడు, తరవాత ఆయనా మానేశాడు. అక్క తిండి సగమైపోయింది.

"నాకు భయంగా ఉందే" అంది నాతో ఒకరోజు. "పేరు పోతే ఇంకేం చేసి బతకను? సూదిలో దారం ఎక్కించడానికే ఇప్పుడు కళ్ళు కనపడట్లేదు."

వెళ్ళాల్సిన రోజు పొద్దున బ్యాగుని కిటికీ దగ్గర పెట్టి అన్ని వైపులా చూసింది. చూస్తున్నకొద్దీ మొహం పాలిపోయింది. నెల్లాళ్ళు ఊరంతా తిరిగిన బ్యాగు మీద నలుసంత మచ్చ లేదు.

"షాపులో ఉన్నప్పటికంటే బాగుంది. దీన్ని వాడానంటే ఎవరు నమ్ముతారే?"

ఇంటి తాళంచెవి తెచ్చింది. తోలు మీద ఆనించింది, తీసేసింది. మళ్ళీ ఆనించింది. "నావల్ల కాదు, నువ్వు గియ్యి" అని తాళంచెవి నాకిచ్చి మొహం తిప్పుకుంది. నాకు కోపమొచ్చింది, జాలేసింది, అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది. ఆలోచిస్తే నేనూ గియ్యలేనని, కళ్ళు చిట్లించి బ్యాగు అడుగున ఒక్క గీత లాగేశాను. ఆ చప్పుడుకి అక్క భుజాలు ముడుచుకుపోయాయి.

షాపులో మేడమ్ బ్యాగుని ఒళ్ళో పెట్టుకుంది. పట్టీ చూసింది, లోపలి లైనింగ్ చూసింది, తిరగేసింది. ఆ గీత మీద బొటనవేలితో ఒకసారి నిమిరింది. ఇంకోసారి నిమిరింది. నేను నేలచూపులు చూస్తున్నాను. అక్క మాత్రం నవ్వు చెదరకుండా కూర్చుంది.

"వాడకంలో గీతలు ఇలా పడవండీ" అంది మేడమ్. "మూలలు అరుగుతాయి. సన్నసన్నవి అటూ ఇటూ పడతాయి. తిన్నగా ఇలా ఒక్కటే పడదు."

ఆమె కోప్పడలేదు. బ్యాగు జాగ్రత్తగా అక్క చేతికిచ్చి, "ఇకమీదట మా నుంచి ఫోన్ రాదండీ" అంది. తలుపు దాకా వచ్చి సాగనంపింది కూడా.

లిఫ్టులో మేమిద్దరమే. అక్క ఏడవలేదు. బ్యాగు తిరగేసి నేను గీసిన గీత మీద తనూ వేలు పెట్టి చూసింది. ఇప్పుడు తిడుతుందని నేను తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను గీసుంటే ఆవిడ కనిపెట్టేది కాదే" అంది. "గీతలెలా పడతాయో పదిహేనేళ్ళు చూసినదాన్ని. చేతులు రాలేదు."